హనుమమ్మది భయం కాదు

నల్లవాగుపల్లిలో హనుమమ్మలు ముగ్గురున్నారు. మక్తల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఆ పేరు వాడకొకటి దొరుకుతుంది. గుర్తు కోసం ఒకామెను బర్ల హనుమమ్మ అనీ, ఇంకొకామెను కొట్టం హనుమమ్మ అనీ అంటారు. మూడో ఆమెను దడ హనుమమ్మ అనేవాళ్లు. ఇది ఆమె సంగతి.

దడ మొదలైనప్పుడు ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు. పత్తి ఏరుతూ కింద పడ్డ కొంగు తీసుకుందామని వంగింది. లేచేసరికి గుండె ఉరుకందుకుంది. మెల్లమెల్లగా పెరిగింది కాదు. స్విచ్చి వేస్తే బోరు మోటరు లేచినట్టు ఒక్కసారే లేచింది. నీళ్లందని మోటరు వట్టిగా తిరిగితే ఎట్లా అదురుతుందో ఛాతీ అట్లా అదిరింది. గొంతులో కూడా కొట్టుకుంటోంది. కళ్లు మసకలు కమ్మితే గట్టు మీద కూలబడింది. పక్క సాలులోని ఆడవాళ్లు ఉరికొచ్చి మొహం మీద నీళ్లు చల్లారు, కొంగుతో విసిరారు. కాసేపటికి, వచ్చింది వచ్చినట్టే, టక్కున ఆగిపోయింది.

"ఎండదెబ్బ," అన్నారు అందరూ. అది చలికాలం. స్వెట్టర్లు వేసుకొని పత్తి ఏరుతున్నారు. అయినా ఆ మాటే ఖాయమైంది.

తర్వాత కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత నెలకోసారో, రెండు నెలలకోసారో వస్తూనే ఉంది. ఊళ్లో సూదులేసే డాక్టరు గ్యాసన్నాడు, గ్లూకోజు సీసా ఎక్కించాడు. అత్త గాలి సోకిందని దర్గాకు తీసుకపోయి తాయెత్తు కట్టించింది. ఒకసారి ఎంతకూ ఆగకపోతే భర్త పర్వతాలు జీపు కిరాయికి మాట్లాడి, కృష్ణ దాటించి రాయచూరుకు తీసుకపోయాడు. జీపు వంతెన దిగుతుంటే దడ ఆగిపోయింది. దవాఖానలో ఛాతీకి తీగలు పెట్టి ఈసీజీ అనే గుండె పట్టీ తీశారు. గీత నీటుగా వచ్చింది.

"ఏం లేదు. భయస్తురాలు, అంతే," అన్నాడు అక్కడి డాక్టరు. నిద్రగోళీలు రాసిచ్చాడు. అవి మింగిన రోజుల్లో హనుమమ్మకు పొయ్యి మీద పాలు పొంగిపోయినా తెలిసేది కాదు. కొన్నాళ్లకు మిగిలిన గోళీలు పెంటకుప్పలో పడేసింది.

ఈ భయం అనే మాట ఆమెకు అతకదు. ఒక వానాకాలం వాగులో దూడ కొట్టుకపోతుంటే మగవాళ్లు ఒడ్డున నిలబడి అరుస్తున్నారు. ఆమె చీర గోచి పెట్టి దిగి, మెడలోతు నీళ్లల్లో దాని తాడందుకుంది. మహిళా సంఘం పని మీద మక్తల్ బ్యాంకుకు పోతే మేనేజరు కుర్చీ చూపించేదాకా కదలకుండా నిలబడే మనిషి. కానీ ఏండ్ల తరబడి నలుగురూ ఒకే మాట అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు తెలువకుంటనే నాలో భయముందేమో అనుకోవడం మొదలుపెట్టింది. పెండ్లిళ్లకు పోవడం తగ్గించింది. ఒంటరిగా చేనుకు పోవడం మానేసింది. బస్సెక్కాలంటే వెంట ఎవరైనా ఉండాలి.

2019లో సర్పంచు ఎలక్షన్లు వచ్చాయి. పర్వతాలుకు సర్పంచు కావాలని ఎప్పటినుంచో ఉంది. ఊరు బీసీ మహిళకు రిజర్వు అయింది. ఆయన ఒక్కరోజు మొహం వేలాడేసుకొని, మరునాడు పెండ్లాం పేరు మీద నామినేషన్ వేయించాడు. సంఘం ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. హనుమమ్మ మంచి మెజారిటీతో గెలిచింది.

మొదటి గ్రామసభ బడి ముందు పెట్టారు. ఆమె మైకు ముందు నిలబడి, నల్లాల సంగతి ఎత్తుకుంది. చేతిలోంచి జారిన కళ్లద్దాలు తీసుకోవడానికి వంగింది. అంతే, దడ లేచింది. చెమటలు కారాయి, మాట ఆగిపోయింది. కుర్చీలో కూర్చుండిపోయింది. పర్వతాలు లేచి మైకందుకున్నాడు.

"మా ఇంటామెకు పానం మంచిగ లేదు. పది మందిని చూస్తే ఆమెకు దడ. ఏమున్నా నాకు చెప్పున్రి, నేను చూసుకుంట."

జనం నవ్వలేదు. పాపం అన్నారు. ఆ పాపం అన్న మాటే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ రోజు నుంచి మీటింగులకు పర్వతాలే పోయేవాడు. పంచాయతీ ఆఫీసులో సర్పంచు కుర్చీలో ఆయనే కూర్చునేవాడు. చెడ్డవాడని కాదు. ఇంటికొచ్చేటప్పుడు ఆమె కోసం కొబ్బరిబోండాం తెచ్చేవాడు, బిందె ఎత్తనిచ్చేవాడు కాదు. "నువ్వు ఫికర్ చెయ్యకు, సంతకం ఒక్కటి పెట్టు," అనేవాడు. ఆమె జబ్బు ఆయనకు కలిసొచ్చిందని ఆయనకే తెలియదు.

ఆ ఎండాకాలం రమ అని కొత్త పంచాయతీ కార్యదర్శి వచ్చింది. భువనగిరి పిల్ల, మక్తల్‌లో గది కిరాయికి తీసుకొని స్కూటీ మీద వచ్చేది. సంతకాల కోసం ఇంటికి కాగితాలు పంపే పద్ధతి ఆమెకు నచ్చలేదు. "సర్పంచు ఆఫీసుకొచ్చి చదివి పెట్టాలె అక్కా," అని కబురు పంపింది. హనుమమ్మ ఏడో తరగతి దాకా చదివింది. వచ్చి కూర్చొని, వేలు పెట్టుకొని చదివేది. పర్వతాలు చేనులో ఉండే పొద్దు చూసుకొని ఇద్దరూ అన్ని కాగితాలూ ముందేసుకునేవాళ్లు.

ఒకరోజు వాన పడుతోంది. ఇద్దరూ ఆఫీసులో ఉడకబెట్టిన పల్లికాయలు తింటున్నారు. చిన్నప్పుడు భువనగిరి గుట్ట ఎక్కుతూ తడిసిన బండ మీద జారి, కిందున్న పెండ్లివాళ్ల మీద పడిన సంగతి రమ చెబుతోంది. హనుమమ్మ కడుపు పట్టుకొని నవ్వుతోంది. నవ్వుతూనే ఆగిపోయింది. చేయి ఛాతీ మీదికి పోయింది.

"అక్కా, ఏమైంది?"

"ఏం లేదు. వచ్చింది. అదే పోతది."

రమ దగ్గరికి జరిగి చూసింది. మెడ దగ్గర నరం, కప్ప గొంతు ఆడినట్టు ఎగిరెగిరి పడుతోంది. మణికట్టు పట్టుకొని నాడి లెక్కపెట్టబోయింది. లెక్క అందలేదు.

"అక్కా, ఇప్పుడు దేనికి భయపడ్డవ్?"

"భయమేందే? నవ్వుతున్న కదా."

"మరి?"

హనుమమ్మ పల్లికాయలు పక్కకు జరిపింది. దడ ఆగినాక కూడా చాలాసేపు వాన చూస్తూ కూర్చుంది. ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పత్తి చేనులో వంగినప్పుడు. ఇల్లు అలుకుతున్నప్పుడు. బిడ్డ పుట్టుడు వెంట్రుకలనాడు పాట పాడుతున్నప్పుడు. గ్రామసభలో కళ్లద్దాల కోసం వంగినప్పుడు. దూడ కోసం వాగులో దిగిన నాడు మాత్రం రాలేదు. ఇన్నేండ్లలో ఇట్లా పక్కపక్కన పెట్టి చూసుకోవడం అదే మొదటిసారి.

పాలమూరులో సుమన అనే గుండె డాక్టరు ఉందని రమ చెప్పింది. ఆమె దగ్గరికి పోదామని హనుమమ్మ అంటే పర్వతాలు అడ్డం చెప్పలేదు. "రాయచూరుల చూపించినం కదా," అని మాత్రం అన్నాడు.

డాక్టరు సుమన వయసు నలభై ఉంటుంది. తక్కువ మాట్లాడుతుంది. పర్వతాలు "ఆమెకు భయం ఎక్కువ మేడం" అని మొదలుపెడితే చేయి అడ్డం పెట్టింది.

"ఆమెను చెప్పనీయండి. అమ్మా, ఇది మెల్లగా పెరుగుతదా, ఒక్కసారే మొదలైతదా?"

"ఒక్కసారే."

"ఆగేటప్పుడు?"

"అది కూడ ఒక్కసారే. ఎవరో తీగ పీకినట్టు."

"ఆగినంక మూత్రం బాగా వస్తదా?"

హనుమమ్మ సిగ్గుపడుతూ తల ఊపింది. ఆ సంగతి ఆమె తల్లికి కూడా చెప్పలేదు. ఈమెకెట్లా తెలుసు అనుకుంది.

గుండె పట్టీ మళ్లీ తీశారు, మళ్లీ నీటుగానే వచ్చింది. డాక్టరు ఆశ్చర్యపోలేదు. "దడ ఉన్నప్పుడు తీస్తేనే కనపడుతది. అది మనం రమ్మన్నప్పుడు రాదు. అందుకని ఒక మిషిను మీ ఒంటి మీదనే ఉంచుదాం," అంది.

మిషిను అమర్చింది డానియల్ అనే టెక్నీషియను. ఛాతీ మీద అక్కడక్కడ బిళ్లలు అతికించి, తీగలన్నీ చిన్న పెట్టెకు కలిపి, పెట్టెను నడుముకు బెల్టుతో కట్టాడు.

"ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలె అమ్మా. స్నానం చెయ్యొద్దు. దడ వస్తే ఈ బటన్ నొక్కాలె. నొక్కితే ఆ టైముకు మిషినుల గుర్తు పడుతది."

"ఇంట్ల పండుకోబెట్టాల్నా?" అని పర్వతాలు అడిగాడు.

"వద్దు సార్. రోజూ చేసే పనులన్నీ చెయ్యాలె."

ఊరికొచ్చి హనుమమ్మ అన్ని పనులూ చేసింది, రోజూ చేయని పనులు కూడా చేసింది. బిందెలెత్తింది. వంగి ఇల్లంతా ఊడ్చింది. ఊరెనక గుట్ట ఎక్కి దిగింది. రమతో మాట్లాడి కావాలని నవ్వింది. గుండె మాత్రం బుద్ధిమంతురాలైన కోడలి లెక్క ఉండిపోయింది. బటన్ నొక్కే పనే పడలేదు. మరునాడు పెట్టె తిరిగిచ్చేటప్పుడు, రానందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

"ఈ ఒక్కరోజు రాలేదు. అంటే లేదని కాదు. ఒంటికి అతికించి ఎక్కువ రోజులు ఉంచే పట్టీ ఉంటది, హైదరాబాద్ నుంచి తెప్పిస్త," అంది డాక్టరు.

పర్వతాలు మొదటి ముక్కే విన్నాడు. బస్సు దేవరకద్ర దాటినాక అన్నాడు: "ఏం లేదన్నరు కదా. సంతోషపడాలె గని, గట్ల మొహం పెడ్తవేంది?" ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మరికల్ వచ్చింది, మక్తల్ వచ్చింది.

పట్టీ వచ్చిందని డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పర్వతాలు అప్పుడు కంది చేనుకు మందు కొట్టిస్తున్నాడు. వచ్చే వారం పోదామన్నాడు. హనుమమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి గిన్నెలో పెట్టి, ఒక్కతే బస్సెక్కింది. ఏండ్ల తర్వాత ఒక్కతే పోవడం అదే మొదటిసారి. దారంతా ముందు సీటు కడ్డీ పట్టుకొనే కూర్చుంది. దడ రాలేదు. సాయంత్రానికి ఎడమ ఛాతీ మీద అరచేయంత పట్టీతో తిరిగొచ్చింది. తీగలు లేవు, పెట్టె లేదు. స్నానం చేయొచ్చు. రెండు వారాలు ఉంచుకోమన్నారు. దడ వస్తే నొక్కడానికి పట్టీ మధ్యలో ఒక బొడిపె ఉంది.

ఆ రెండు వారాల్లోనే ఊళ్లో డంపింగ్ యార్డు పంచాయతీ మొదలైంది. ప్రతి ఊరికీ చెత్త పోసే జాగా ఒకటి చూపాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఉపసర్పంచు ఎల్లేష్, ఇంకో నలుగురు పెద్దమనుషులు వాగు పక్కన జాగా చూశారు. అది వడ్డెరోళ్ల గుడిసెలకు ఆనుకొని ఉంటుంది. పర్వతాలు సరేనన్నాడు.

"నన్నడిగి అన్నవా?" అంది హనుమమ్మ, ఇంట్లో.

"నిన్నడిగేదేంది? మాట ఇచ్చిన."

"సర్పంచు ఎవరు?"

పర్వతాలు అన్నం ముందు నుంచి తలెత్తి చూశాడు. ఆమె ఇట్లా అడగడం ఆయనకు కొత్త. "గ్రామసభల నువ్వు మాట్లాడుతవా? మాట్లాడి మళ్ల పడిపోతవా?" అన్నాడు. కోపంతో అనలేదు. నిజంగానే భయంతో అన్నాడు.

గ్రామసభ నాడు హనుమమ్మకు నోరెండిపోయింది. ఎల్లేష్ మనుషులు ముందు వరసలో కూర్చున్నారు. వడ్డెరోళ్లు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డారు. హనుమమ్మ లేస్తుంటే గుండె దబదబా కొట్టుకుంది. వచ్చిందనుకొని జాకెట్టు మీద నుంచే బొడిపె నొక్కింది. అయినా కూర్చోలేదు. ఒక చేత్తో బల్ల పట్టుకుంది.

"చెత్త ఊరందరిది," అంది. గొంతు సన్నగా వచ్చింది. మైకు దగ్గరికి జరిగింది. "చెత్త అందరిదైనప్పుడు వాసన వాళ్లకొక్కళ్లకే ఎందుకు? గుట్టెనక సర్కారు జాగా ఉంది. దూరమంటరు. పంచాయతీకి ట్రాక్టరు వస్తది కదా, దూరమైతే ఏమైతది? వాగు పక్కన పోస్తే వానకు కొట్టుకొచ్చి మన బోర్లలకే పోతది."

ఎల్లేష్ లేచి, రోడ్డు లేదన్నాడు. బండ్లబాట ఉందని వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు. మాటా మాటా పెరిగింది. హనుమమ్మ నిలబడే ఉంది. చివరికి చేతులెత్తమంటే సంఘం ఆడవాళ్లు, వడ్డెరోళ్లు, కుర్రవాళ్లలో సగం మంది గుట్టెనక జాగాకు చేతులెత్తారు. రమ తీర్మానం రాసింది. పర్వతాలు చేయి ఎత్తనూ లేదు, అడ్డం చెప్పనూ లేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం పూట, అరుగు మీద కూర్చొని కందిపప్పులో రాళ్లేరుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. ఏ ఆలోచనా లేదు. చాట దించుదామని వంగింది. మోటరు లేచింది. బొడిపె నొక్కి, గోడకానుకొని కళ్లు మూసుకుంది.

ఫలితం చెప్పే రోజు పర్వతాలు కూడా వచ్చాడు. డాక్టరు సుమన రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"బటన్ రెండుసార్లు నొక్కినవమ్మా. మొదటిసారి ఏం చేస్తున్నవ్?"

"గ్రామసభల మాట్లాడుతున్న."

"భయమైందా?"

"మస్తు భయమైంది."

"అవును. ఇది చూడు. గుండె జోరుగ కొట్టుకుంది, కాని పద్ధతిగ కొట్టుకుంది. మెల్లగ పెరిగింది, మెల్లగ తగ్గింది. ఇది భయం. అందరికీ అయ్యేదే. నాకూ అయితది." రెండో కాగితం ముందుకు జరిపింది. గీతలు కుట్టుమిషిను కుట్టు లెక్క ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉన్నాయి. "ఇది రెండోసారి. అప్పుడేం చేస్తున్నవ్?"

"పప్పుల రాళ్లేరుతున్న."

"ఇది జబ్బు. గుండెల కరెంటు పోయే దారి ఒకటుంటది. నీకు పుట్టుకతోనే పక్కన ఇంకో సన్నదారి ఉంది. అప్పుడప్పుడు కరెంటు ఆ రెండింటి నడుమ గిరగిర తిరుగుతది. భయానికీ దీనికీ సంబంధం లేదు."

పర్వతాలు ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కొని చూశాడు. "ఇది ఎన్నేండ్ల సంది ఉన్నట్టు మేడం?" అని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతరు? ఆమె చెప్తనే ఉంది కదా."

బయట చెట్టు కింద చాయ్ తాగేటప్పుడు ఆయన గ్లాసు తిప్పుతూ, "పది మందిల నీకు భయమని చెప్పిన," అన్నాడు.

"చెప్పినవ్."

"ఇప్పుడు వాళ్లకేం చెప్పాలె?"

"ఏం చెప్పకు. మీటింగులకు నన్ను పోనియ్యి, చాలు."

గోళీలు ఇచ్చారు. వాటితో దడలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. ఆ అదనపు దారిని కాల్చేసే చికిత్స హైదరాబాద్‌లో ఉందని డాక్టరు చెప్పింది. తారీఖు తీసుకుందామనుకునే లోపల కరోనా వచ్చి అన్నీ బందయ్యాయి.

ఆ దినాల్లో బొంబాయికి, పూనాకు కూలికి పోయిన పాలమూరోళ్లంతా మూటలతో తిరిగొచ్చారు. నల్లవాగుపల్లి వాళ్లను కొన్నాళ్లు బడిలో ఉంచారు. వాళ్లకు వంట, నీళ్లు, మందులు చూసింది హనుమమ్మ. పర్వతాలు ట్రాక్టరు మీద బియ్యం మోశాడు. నడుమ దడ వస్తే ఏం చేయాలో డాక్టరు నేర్పింది. కూర్చొని, ఊపిరి బిగబట్టి, కాన్పు నొప్పులప్పుడు ముక్కినట్టు గట్టిగా ముక్కాలి. లేదంటే చల్లటి నీళ్లల్లో మొహం ముంచాలి. పత్తి చేనులో ఆడవాళ్లు మొహం మీద నీళ్లు చల్లింది ఊరికే పోలేదని ఆమెకు అప్పుడర్థమైంది. బడి వెనకకు పోయి ఒకటి రెండుసార్లు ముక్కేది. ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు. మొహం తుడుచుకొని వచ్చి మళ్లీ గంటె పట్టుకునేది.

మరుసటేడు హైదరాబాద్ పోయారు. మత్తు ఇవ్వలేదు, తొడ మొదట్లో మాత్రం తిమ్మిరి సూది వేశారు. అక్కడి నరంలోంచి సన్నటి తీగలు గుండె దాకా పంపించారు. జబ్బెక్కడుందో పట్టుకోవడానికి డాక్టర్లే దడ లేపారు.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది సారూ. ఇదే. ఇదే అది."

పక్కనున్న తెర మీద గీతలు ఉరుకుతున్నాయి. గదిలో ఉన్నవాళ్లంతా వాటినే చూస్తున్నారు. ఆమె పడుకునే తల తిప్పి చూసింది. ఇన్నేండ్లు ఒంటరిగా మోసిన దాన్ని ఇంతమంది ఒకేసారి చూడటం ఆమెకు వింతగా అనిపించింది. తర్వాత ఛాతీలో కొద్దిగా వెచ్చగా అయింది. మళ్లీ లేపి చూశారు. లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. లేవలేదు.

ఇంటికొచ్చినాక కూడా చాలా నెలలు, కింద వస్తువు తీయాలంటే ఆమె చేయి ముందు గోడ పట్టుకునేది. గుండె మరిచిపోయినా ఒళ్లు మరువలేదు. మెల్లగా అది కూడా పోయింది.

2024 మొదట్లో ఆమె పదవీకాలం అయిపోయింది. గుట్టెనక చెత్త షెడ్డు, ఊరి చివర నర్సరీ ఆమె కాలంలో వచ్చినవే. అట్లని అన్నీ కాలేదు. నల్లాల గోస ఇప్పటికీ ఉంది, దానికి ఊరోళ్లు ఆమెను ఇప్పటికీ తిడతారు. 2025 చివర మళ్లీ ఎలక్షన్లు వచ్చినప్పుడు సీటు జనరల్ అయింది. ఆమె నిలబడలేదు. పర్వతాలు నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఆమె ఎవరికి ఓటేసిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. పర్వతాలు అడిగితే "ఓటు చెప్పుకునేది కాదు" అంది.

రెండు మూడేండ్లుగా గుండె అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టు అనిపిస్తోంది. నాలుగు కొట్టి, ఒకటి మింగి, ఇంకోటి గట్టిగా కొడుతుంది. పాత జబ్బు కాదని సుమన చెప్పింది. వయసుతో వచ్చే తప్పుడు దెబ్బలు, భయం లేదు, కానీ కనిపెట్టుకొని ఉందామంది. అందుకని ఏడాదికోసారి పెట్టె కట్టించుకుంటుంది. హనుమమ్మకు ఇప్పుడు అది ఎరువుల దుకాణానికి పోయినంత మామూలు పని. పాలమూరుకు ఒక్కతే పోతుంది. మొదటి రోజు కట్టించుకొని వచ్చి, చేనులో పనులన్నీ చేసుకొని, రెండో రోజు తిరిగిస్తుంది. ఇచ్చినాక బస్టాండు దగ్గర పూరీ తింటుంది. మనవరాలికి గాజులో, రిబ్బన్లో కొంటుంది. నారాయణపేట బస్సు ముందొచ్చినా ఎక్కదు, దాంట్లో పోతే నడుమ బస్సు మారాల్సి వస్తుంది. నేరుగా మక్తల్ పోయే బస్సు కోసం ఆగుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే చెప్పులు విడిచి, కాళ్లు ముడుచుకొని, మక్తల్ వచ్చేదాకా నిద్రపోతుంది.